ద్వీపవాసుల బొమ్మలు: ఎవరి కన్ను, ఎవరి చేయి?

పసిఫిక్ ద్వీపములను గూర్చి మన యిండ్లలో నొక భ్రమ పాతుకొనియున్నది. కొబ్బరిచెట్లు, నీలిసముద్రము, పనిపాట లెఱుగక యాడిపాడు జనులు! ఇంతియే యచటి జీవితమని మన పిల్లలు తలంచుచున్నారు. ఈ భావన మన కెచ్చటినుండి వచ్చినదని యడిగినచో, కుక్కు దొరవెంట బోయిన చిత్రకారులు కన్నులార జూచి వ్రాసినదే గదా యని చదువుకొన్నవారే బదులు చెప్పుదురు. ఈ మాటను మేమంగీకరింపము.

చూచినవారు చూచిరి, నిజమే. 1768లో ఎండెవర్ ఓడపై బయలుదేరిన సిడ్నీ పార్కిన్‌సన్ ఇండ్లను, పడవలను, మొక్కలను మిక్కిలి శ్రద్ధతో చిత్రించెను. పాప మాతడు లండనును మరల చూడలేదు. 1771 జనవరిలో నడిసముద్రమున మృతినొందెను. 1773లో హాక్స్‌వర్త్ ప్రకటించిన యాత్రాగ్రంథమునకై, రాయియాతియా ద్వీపములో నొక యింట జరిగిన నాట్యమును చిప్రియాని తిరుగ వ్రాయగా బార్టొలొజ్జి చెక్కెను. వీరిలో నొక్కరును ఆ ద్వీపమున నడుగిడినవారు కారు! అచ్చటి నర్తకులు వీరి చేతిలో గ్రీకు శిల్పముల పోలిక నొందిరి.

రెండవ యాత్ర (1772–75) చిత్రకారుడు హాడ్జెస్ వెలుగును పటమున కెక్కించుటలో ఘనుడు; ఆ మాట మేము కాదనము. కాని యాతని చిత్రమునుబట్టి చెక్కిన మిడిల్‌బర్గు దీవి పటమును, అదే యోడలో పయనించిన జార్జి ఫార్‌స్టరు 1777లోనే యాక్షేపించెను. అట్టి గ్రీకు ముఖములు ఆ సముద్రమున లేవనెను. తోడి యాత్రికుడే యొప్పుకొననిదానిని మనమేల యొప్పుకొనవలెను? ఈ హాడ్జెసే 1780లో చెన్నపట్టణమున దిగి మన దేశమును గూడ చిత్రించినాడు సుమా.

ఇంతకంటె బాధాకరమైన సంగతి వేఱొకటి. అదే ఎండెవర్‌పై తాహితినుండి తుపాయియా యను పురోహితుడు, గొప్ప నావికుడు, పయనించెను. ఆతడును రంగులు చేతబట్టి పొడుగాటి యింటిని, చెట్లను, యుద్ధపు పడవలను చిత్రించెను. 1769లో న్యూజీలండున నొక మావొరి మనుష్యుడు పెద్ద సముద్రపు రొయ్యనిచ్చి బ్యాంక్సు దొరతో బేరమాడుటయు నందొకటి. అందు గ్రీకు వేల్పులు లేరు. ఒకరినొకరు నమ్మీ నమ్మక నిలిచిన యిద్దరు మనుష్యులున్నారు. చిత్రకారు డెవరో తెలియదని పండితులు చిరకాలము చెప్పుచు వచ్చిరి. బ్యాంక్సు 1812లో వ్రాసిన యుత్తర మొకటి వెలికివచ్చిన పిదప, 1997లో గాని యవి తుపాయియావని తేలలేదు. ద్వీపవాసి బొమ్మలో నిలువదగినవాడే గాని బొమ్మ గీయదగినవాడు కాడని యెవరు నిర్ణయించిరి?

తుపాయియా 1770లో బటావియాలో వ్యాధిచే మరణించెను. ఆతని చిత్రములు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. మీ పిల్లలకు ఆ ద్వీపముల బొమ్మలు చూపదలచినచో, మొదట ఆ రొయ్యబేరమును చూపుడు. హాడ్జెస్ సూర్యాస్తమయములు తరువాత చూపవచ్చును.