ప్రాణాలు పోయినప్పుడు లేని తొందర

2018 మే నెలలో తెలుగు పల్లెలకు నిద్ర కరవైంది. పార్థీ గ్యాంగ్ దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతోందని వాట్సాప్‌లో వచ్చిన మాటలు నమ్మి జనం కర్రలు పట్టుకుని రాత్రిళ్లు కాపలా కాశారు. ఆ భయానికి అమాయకులు బలయ్యారు. జులై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన ఐదుగురు సంచారజాతుల వారిని కొట్టి చంపారు. అదే నెలలో బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు పంచిన హైదరాబాద్ యువకుల్లో ఒకరు ఇల్లు చేరలేదు. అప్పుడు ఊరూరా తిరిగిన వీడియోల్లో ఒకటి, పిల్లల భద్రత కోసం కరాచీలో తీసిన ప్రచార చిత్రం. చివర ఉన్న హితవును కత్తిరించి వదిలారు. తెలియక పంచినవారు లక్షల్లో ఉండొచ్చు. కత్తిరించినవాడికి మాత్రం తాను చేస్తున్నదేమిటో తెలుసు.

మూకహత్యలపై ప్రత్యేక చట్టం తెమ్మని ఆ జులై 17నే సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది. అలాంటి చట్టం రాలేదు. భారతీయ న్యాయసంహితలో ఒక ఉపసెక్షన్ చేరడానికే 2023 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అందులోనూ వదంతి ఊసే లేదు.

కేంద్రానికి తొందర మరోచోట పుట్టింది. తన వ్యవహారాల గురించి వచ్చే సమాచారంలో ఏది అబద్ధమో, ఏది తప్పుదోవ పట్టించేదో తన నిజనిర్ధారణ విభాగమే తేల్చేలా 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలను సవరించింది. ఆ ముద్ర పడిన సమాచారాన్ని ఉంచిన వేదికకు చట్టరక్షణ పోయే ప్రమాదం ఉండేది. ఫిర్యాది తానే, తీర్పరి తానే. 2024 మార్చి 20న ఆ విభాగాన్ని నోటిఫై చేస్తే, మర్నాడే సుప్రీంకోర్టు నిలిపివేసింది. బొంబాయి హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చగా, మూడో న్యాయమూర్తి జస్టిస్ చందూర్కర్ సెప్టెంబరులో ఆ సవరణ రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. ఆన్‌లైన్ మాటలను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్ 2015లో కొట్టివేతకు గురైనప్పుడే నేర్వాల్సిన పాఠమిది. పల్లెలో ప్రాణం తీసిన అబద్ధానికి ఈ సవరణలో చోటు లేదు; సర్కారు పరువుకే దక్కింది. మా అభ్యంతరం అక్కడే. నేడు ఈ అధికారాన్ని సమర్థించేవారు, రేపు తాము ప్రతిపక్షంలో కూర్చున్నప్పుడు అది ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించాలి.

వేదికల నేరం ఇంతకంటే చిన్నదేమీ కాదు. ఫార్వర్డ్‌లను ఐదు చాట్‌లకు కుదించాలని వాట్సాప్‌కు తోచింది శవాలు లేచాకే. 2020లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన సందేశాలను ఒక్కో చాట్‌కే పరిమితం చేశాక వాటి వ్యాప్తి 70 శాతం తగ్గిందని ఆ సంస్థే ప్రకటించింది. అంటే మాటను నిషేధించకుండానే దాని వేగాన్ని తగ్గించవచ్చు. ఆ మీట తమ చేతిలోనే ఉండగా ముందే ఎందుకు నొక్కలేదన్నదానికి ఆ సంస్థ యాజమాన్యం నేటికీ జవాబుదారే. నిజనిర్ధారణ సంస్థలతో ఒప్పందాలను 2025లో అమెరికాలో వదులుకున్న వాట్సాప్ మాతృసంస్థ మెటాను, ఆ పని ఇక్కడా చేయదని ఏ భరోసాతో నమ్మాలి?

నియంత్రణ ఉండాల్సిందే. అది మాట మీద కాదు, మాటను పరుగులు తీయించే యంత్రాంగం మీద ఉండాలి. దాన్ని పర్యవేక్షించేది సర్కారుకూ కంపెనీలకూ లోబడని సంస్థ కావాలి. తొలగింపునకు కారణం రాతపూర్వకంగా చెప్పాలి, బాధితుడికి అప్పీలు ఉండాలి. ఇక ఊళ్లో చేయాల్సిన పని ఊళ్లోనే జరగాలి. 2018లో జోగులాంబ గద్వాలలో ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను పంపి, పాటతో, డప్పుతో ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఆమె పరిధిలోని ఊళ్లలో ఈ వదంతికి ఒక్క ప్రాణమూ పోలేదు.