పాత సొసైటీలో ఇల్లు కొనే ముందు



ముంబయి, ఠాణా ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబముల వారు ఈ మధ్య మమ్ములను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. కొత్త భవనములో ఫ్లాటు కొనే స్తోమత లేదు, నలభై ఏండ్ల నాటి సహకార గృహ సొసైటీలో చిన్న ఇల్లు దొరుకుతున్నది, తీసుకోవచ్చునా? ఊరిలో పొలము అమ్మిన డబ్బు, ప్రావిడెంటు ఫండు, ఇల్లాలి మెడలోని బంగారము, అన్నీ కలిసి ఒక్క సంతకముతో చేయి దాటిపోయే వ్యవహారమిది. గనుక ఈ నెల దీనిని గురించే మాట్లాడుకుందాము.

మన ఊళ్లలో ఇల్లు కొంటే నేల, గోడలు, పైకప్పు మనవి. సొసైటీలో సంగతి వేరు. ముంబయిలోని గామ్‌దేవిలో 1915లో సారస్వత్ సహకార గృహ సొసైటీ ఏర్పడినది. మన దేశములో ఈ పద్ధతికి అది తొలి మెట్టు. స్థలము, భవనము అందరివి. అందులో నివసించే హక్కు సభ్యునిది. నేటికీ పాత సొసైటీలో మన చేతికి వచ్చే ముఖ్యమైన కాగితము షేరు సర్టిఫికెట్. ఒక్కొక్కటి 50 రూపాయల విలువగల ఐదో పదో షేర్లు దానిలో ఉంటాయి. చూడడానికి స్వల్పమే. కాని ఆ షేర్లతో పాటు భవనము బాగోగులలో, బాకీలలో, తగవులలో కూడ మనకు భాగము వస్తుంది. మనము కొనేది నాలుగు గోడలు మాత్రమే కాదు, ఇరవై ముప్పై కుటుంబములతో పొత్తు.

గనుక ఫ్లాటుకంటె ముందు భవనమును చూడవలెను. అమ్మేవారు గోడలకు రంగు వేయించి, కొత్త టైల్స్ పరిపించి చూపుతారు. మీరు మేడపైకి ఎక్కి నీళ్ల ట్యాంకు చూడండి. మెట్ల క్రింద, బాల్కనీల అడుగున పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడినవేమో చూడండి. వీలైతే వానాకాలములో ఒకసారి వెళ్లండి. సముద్రపు గాలి, నాలుగు నెలల వాన కాంక్రీటులోని ఇనుమును తినివేస్తాయి. సొసైటీల నమూనా నియమావళి ప్రకారము పదిహేను నుండి ముప్పై ఏండ్ల భవనమునకు ఐదేండ్లకొకసారి, ముప్పై దాటినదానికి మూడేండ్లకొకసారి ఇంజనీరు చేత స్ట్రక్చరల్ ఆడిట్ చేయించవలెను. ఆ నివేదిక చూపించమని అడగండి. అడిగితే ఎవరూ కోపపడనక్కర లేదు.

తరువాత సొసైటీ పెట్టెలో ఎంత ఉన్నదో తెలుసుకోండి. పెద్ద మరమ్మతుల కొరకు దాచే సింకింగ్ ఫండుకు ప్రతి ఫ్లాటు నిర్మాణ ఖర్చులో ఏటా కనీసము 0.25 శాతము చెల్లించవలెనని నియమము. నలభై ఏండ్ల క్రిందట ఒక ఫ్లాటు నిర్మాణమునకు 40,000 రూపాయలు అయినదనుకోండి. ఏడాదికి వచ్చేది 100 రూపాయలు! నలభై ఏండ్లకు 4,000, దానిపై వడ్డీ. నేడు ఆ డబ్బుతో ఒక ఫ్లాటు కిటికీల మరమ్మతు కూడ కాదు. సభ్యులు ముందుచూపుతో ఎక్కువ దాచుకొని ఉంటే సరే. లేకపోతే మరమ్మతు వచ్చిన రోజున ఇంటింటికీ పెద్ద మొత్తము పంచుతారు. మెయింటెనెన్స్ తక్కువని సంతోషించేవారు ఈ లెక్క గమనించవలెను.

మా సంఘములోని ఒక కుటుంబమునకు ఇదే ఎదురైనది. ఆయన పదవీ విరమణ చేసి, వచ్చిన డబ్బుతో రెండవ అంతస్తులో ఇల్లు చూసుకున్నారు. బాకీలేమీ లేవని అమ్మేవారు చెప్పారు, ఆ మాట నిజమే. అయితే ఆయన భార్య, చదివినది ఎనిమిదవ తరగతే అయినా, “గడచిన సర్వసభ్య సమావేశములో ఏమనుకున్నారో ఆ పుస్తకము ఒకసారి చూపించండి” అని సెక్రటరీగారిని అడిగినది. చూడగా, స్తంభముల మరమ్మతుకు ప్రతి ఫ్లాటు నాలుగు లక్షలు ఇవ్వవలెనని తీర్మానము వ్రాసి ఉన్నది. వసూలు ఇంకా మొదలు కాలేదు గనుక బాకీ క్రింద కనబడలేదు. ఆ మొత్తము ధరలో తగ్గించడానికి అమ్మేవారు మొదట ఒప్పుకోలేదు. వీరు బయానా ఇవ్వకుండా తిరిగి వచ్చారు. ఆరు వారముల తరువాత కబురు వచ్చినది. ఆ మరమ్మతు సొమ్ము ఎవరు చెల్లించవలెనో ఒప్పందములోనే వ్రాయించుకొని కొన్నారు. ఆ తల్లి ఒక్క మాట అడగకపోతే చేతిలో మిగిలిన కాస్త సొమ్ము కూడ పోయి ఉండేది.

ఇక కాగితముల విషయము. యెరూషలేము ముట్టడిలో ఉన్న దినములలో యిర్మీయా ప్రవక్త తన బంధువు వద్ద పొలము కొన్నప్పుడు కూడ వెండి తూచి ఇచ్చి, సాక్షులను పెట్టి, పత్రము వ్రాయించి, మట్టికుండలో భద్రపరపించినట్లు చదువుతాము. ప్రవక్తయే పత్రము లేకుండా కొనలేదు. మనము “వాళ్లు మంచివాళ్లండీ” అని నోటి మాట మీద లక్షలు ఇవ్వవచ్చునా?

మొదట అది నిజముగా సొసైటీయేనా, లేక పగిడీ పద్ధతిలో అద్దెకున్న ఇల్లా అని తేల్చుకోండి. పగిడీలో మనకు వచ్చేది అద్దె హక్కే. రెండవది, భవనము క్రింది నేల సొసైటీ పేర బదిలీ అయినదా? అనేక పాత భవనములలో నేల ఇంకా బిల్డరు పేరనో, పాత యజమాని పేరనో ఉన్నది. అట్టివారి కొరకు 1963 నాటి ఫ్లాట్ల చట్టమును 2008లో సవరించి, బిల్డరు ముందుకు రాకపోయినా బదిలీ పొందే మార్గము కల్పించారు. మీ సొసైటీ ఆ పని చేసినదా, లేదా అడగండి.

మూడవది మిక్కిలి సున్నితమైనది. షేరు సర్టిఫికెట్ మీద ఉన్న తండ్రి మరణించి, నామినీగా ఉన్న పెద్దకొడుకు అమ్ముతూ ఉంటాడు. సొసైటీ నామినీ పేరనే సభ్యత్వము మార్చవలెను గాని, అంతమాత్రమున వారసుల హక్కు పోదని సుప్రీము కోర్టు 2016లో చెప్పినది. మన క్రైస్తవులకు వర్తించే 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేకుండా మరణించిన వాని ఆస్తిలో భార్యకు మూడవ వంతు, మిగిలినది కొడుకులకు, కూతుళ్లకు సమానము. గనుక ఆ ఇంటి ఆడపడుచుల సంతకములు లేకుండా కొనవద్దు. రేపు తగవు వస్తుందన్న భయము ఒక్కటే కాదు, ఒక సహోదరి భాగము మీద మన మంచము వేసుకొనడము మనకు తగదు.

బ్రోకర్లు చెప్పే ఖర్చులు కూడ సరిచూసుకోండి. బదిలీకి ప్రీమియము పేర మునిసిపల్ కార్పొరేషన్ పరిధిలో సొసైటీ 25,000 రూపాయలకు మించి తీసుకొనరాదని 2001లోనే మహారాష్ట్ర ప్రభుత్వము ఉత్తర్వు ఇచ్చినది. అభివృద్ధి నిధికి విరాళమని వేరే పేరు పెట్టి అడిగితే నియమము చూపించమనండి. సభ్యత్వపు దరఖాస్తుకు మూడు నెలలలో జవాబు ఇవ్వకపోతే సభ్యత్వము ఇచ్చినట్లేనని చట్టము చెబుతున్నది.

కొన్నిచోట్ల మన మతము, మన వంట అడ్డు వస్తాయన్నది నిజమే. అహమదాబాదులోని ఒక పార్సీ సొసైటీ తమవారినే చేర్చుకొనే నియమమును సుప్రీము కోర్టు 2005లో నిలబెట్టినది. అయితే ఇది ఇతరుల అలవాటే అనుకోవద్దు. బాంద్రాలో 1918లో క్యాథలిక్ కుటుంబముల కొరకు ఏర్పడిన సొసైటీ కూడ ఉన్నది. తమవారి మధ్య ఉండవలెనన్న కోరిక అందరిలోను ఉన్నదే. గనుక అవమానపడి కలహించక, ఆ సొసైటీ నియమావళి ముందుగా చదివి, బయానా ఇవ్వకముందే సంగతి తేల్చుకోవడము మేలు.

కొన్న తరువాత మన బాధ్యత మొదలవుతుంది. మనవారిలో చాలామంది మరాఠీ రాదనో, ఆదివారము ఆరాధన ఉన్నదనో సొసైటీ సమావేశములకు వెళ్లరు. భవనము కూల్చి కొత్తది కట్టే నిర్ణయము అక్కడే జరుగుతుంది. 2019 నాటి ప్రభుత్వ మార్గదర్శకముల ప్రకారము దానికి సగముకంటె కొంచెము ఎక్కువ మంది సమ్మతి చాలును. మీరు లేనప్పుడు ఓటు వేసినవారి మాటే మీ ఇంటి మీద చెల్లుతుంది. సెక్రటరీగారికి ముందుగా చెప్పి, సమావేశము సాయంత్రమునకు మార్చమని కోరండి. బిల్లు గడువు లోపల కట్టండి. పైఅంతస్తులో పింఛను మీద బ్రతికే వృద్ధురాలు మరమ్మతు సొమ్ము ఒక్కసారి ఇవ్వలేకపోతే, వాయిదాలలో తీసుకొందామని కమిటీలో లేచి చెప్పేవారు మీరే కావలెను.