లిఫ్టు ఉన్నది, కుర్చీ పట్టదు



బెంగుళూరులో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు పలువురు తాతలనాటి ఇండ్లను బిల్డర్లకిచ్చి, ఆ స్థలమున లేచిన అంతస్తులలో తమ వాటాలు పుచ్చుకొనుచున్నారు. మేమును అట్లే చేసితిమి. ముప్పదియైదేండ్లు ప్రభుత్వ కచేరీలో పరుల కాగితములలో తప్పులు వెదకిన నేను, మా యింటి ప్లానుపై మాత్రము సరిగా చూడకయే సంతకము చేసితిని. లిఫ్టు ఉన్నదా యని అడిగితినే గాని, దాని ద్వారమెంత వెడల్పని అడుగలేదు.

నిరుడు మా అక్కగారికి పక్షవాతము వచ్చినది. ఆమె చక్రాల కుర్చీ వెడల్పు 650 మిల్లీమీటర్లు. లిఫ్టు ద్వారము 600. ఆస్పత్రికి పోవలసినప్పుడెల్ల ఇద్దరు మనుష్యులు ఆమెను మెట్లమీదుగా మోసికొని పోవుచున్నారు. ద్వారము పెంచుదమన్న చుట్టును కాంక్రీటు గోడలు. ఆనాడు ప్లానుపై ఒక గీత జరిపినచో సరిపోయెడిది.

ప్రజలు వచ్చిపోవు భవనములందలి లిఫ్టులకు కేంద్ర ప్రభుత్వపు 2016 నాటి నమూనా భవన నియమావళి కొలతలు నిర్ణయించినది. ద్వారము 900 మిల్లీమీటర్లుండవలెను. పట్టుకొనుటకు కమ్మీ యుండవలెను. చూపులేనివారికి ఏ అంతస్తు వచ్చినదో వినబడవలెను. అదే సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 44వ సెక్షను ప్రకారము, ప్లాను నిబంధనలకు లోబడనిచో సంస్థల కట్టడములకు అనుమతి గాని, నిర్మాణము పూర్తియైనట్లు సర్టిఫికెట్టు గాని ఈయరాదు. పాత ప్రజాభవనములను సవరించుటకు 2017 జూన్ నుండి ఇచ్చిన 5 ఏండ్ల గడువు 2022లోనే తీరినది. ఈ నియమములు సలహాలవలె ఉండిన చాలదనియు, తప్పక పాటింపవలసినవానిని వేరుగా నిర్ణయింపవలెననియు సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పినది.

ఇండ్లకు ఇంత పట్టింపు ఎందుకని కొందరనవచ్చును. మా యింట వికలాంగులు లేరు గదా యనువారును కలరు. మా అక్కగారును అరువదియేండ్లు మెట్లెక్కి దిగినవారే. 2011 జనాభా లెక్కలలో దేశమున 2.68 కోట్లమంది వికలాంగులు తేలిరి. ముసలితనముచే కాళ్ళు సాగనివారందరును ఆ లెక్కలోనికి రారు. 2011 అక్టోబరులో ఆరంభమైన నమ్మ మెట్రో స్టేషనులలో వీధినుండి ప్లాట్‌ఫారము వరకు లిఫ్టులు కలవు. గర్భిణులు, మూటలు మోయువారు, చంటిబిడ్డల తల్లులు కూడ వానినే వాడుచున్నారు.

కావున నగరపాలికల అధికారులకు నా మనవి యొకటి: సర్టిఫికెట్టుపై సంతకము చేయుటకు ముందు ఒక చక్రాల కుర్చీని వీధినుండి పై అంతస్తు వరకు త్రోసి చూడుడు. లిఫ్టు ముందు మూడు మెట్లున్నను ఆ లిఫ్టు లేనట్లే. స్థలము బిల్డర్లకిచ్చు సోదరులకును ఒక మాట. వాటా చదరపుటడుగులు ఎన్నియని అడుగు నోటితోనే లిఫ్టు ద్వారమెంతయని కూడ అడుగుడు. నేను అడుగనందుకు మా అక్కగారు అనుభవించుచున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
మల్లేశ్వరము, బెంగుళూరు.