ప్రతిజ్ఞ పిల్లలకు తెలుగులో చెప్పండి

కొంచెం పొడుగు పోస్టు, డ్యూటీ దిగినంక తీరిగ్గా చదవండి.

మన గ్రూపుల్లో ఈమధ్య ఒక లొల్లి నడుస్తున్నది. దుబాయికి ఫ్యామిలీని తెచ్చుకున్నోళ్ళ పిల్లలు బడిలో ఈ దేశం జాతీయగీతం పాడుతున్నరు, డిసెంబర్ 2 నాడు ఈ జెండా పట్టుకొని ఫోటోలు దిగుతున్నరు, రేపు మన దేశాన్ని మరిచిపోతరు అని కొందరి బాధ. మేమైతే అందులో తప్పు లేదంటం. అన్నం పెట్టిన నేలకు మర్యాద ఇయ్యడం పిల్లలకు నేర్పాల్సిందే. ఒకటి చూడండి. ఈ దేశం ఏర్పడింది 1971లో. మన బడి ప్రతిజ్ఞ రాసింది 1962లో. ప్రతిజ్ఞ కంటే ఈ దేశమే తొమ్మిదేండ్లు చిన్నది! అయినా షేక్ జాయెద్ ఎవరంటే ఇక్కడ చదివే చిన్న పిల్లగాడు కూడా చెప్తడు. మన ప్రతిజ్ఞ ఎవరు రాసిండ్రో మనలో ఎంతమందికి ఎరుక?

రాసింది మన తెలుగాయనే. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, నల్లగొండ జిల్లా అన్నెపర్తి. విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా పనిచేసేటప్పుడు తెలుగులోనే రాసిండ్రు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా బడుల్లో చెప్పిస్తున్నరు. చాలా ఏండ్లు పుస్తకంలో ప్రతిజ్ఞ ఉండేది గాని ఆయన పేరు ఉండేది కాదు. (మనం కట్టిన బిల్డింగుల మీద మన పేర్లు లేనట్టే అనుకోండి.)

అసలు సంగతి ఇది. రాసిన 1962లో చైనాతో యుద్ధం. దేశమంతా మొదలైన 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం. అయినా అందులో శత్రువు అనే మాటే లేదు. తోటివాళ్ళను తోబుట్టువుల లెక్క చూడాలె, పెద్దల్ని గౌరవించాలె, ఆఖరికి జంతువుల మీద కూడా దయ ఉండాలె అని ఉంది. ఎవరినీ తిట్టకుండా దేశాన్ని ప్రేమించొచ్చని పసిపిల్లలకు చెప్పే మాటలు అవి.

ఇప్పుడు ఊర్లో మన పిల్లలకు దేశభక్తి ఎవరు నేర్పుతున్నరు? ఫోన్ నేర్పుతున్నది. వీడియో కాల్‌లో మా పిల్లలు అడిగిండ్రు, "డాడీ, మీ క్యాంపులో పాకిస్తానోళ్ళు ఉంటరా, మిమ్మల్ని కొట్టరా?" అని. మమ్మల్ని రోజూ తెల్లారకముందే సైటుకు తీసుకపోయే బస్సు డ్రైవర్ పెషావర్ ఆయన. మాకు జ్వరమొస్తే గోలీలు తెచ్చిచ్చింది కూడా ఆయనే. ఇది ఎనిమిదేండ్ల పిల్లకు ఎట్ల చెప్పాలె?

మనం పంపే దిర్హాముల నుంచి ఫీజులు కట్టించుకునే ప్రైవేటు బడుల్లో అదే ప్రతిజ్ఞను ఇంగ్లీషులో టేపు రికార్డరు లెక్క చెప్పిస్తున్నరు. అర్థం అడిగితే పిల్లలు మొఖం చూస్తరు. ఇంగ్లీషు వద్దని మేము అనం. ఇంగ్లీషు రాకపోతే సైటులో ఎంత తిప్పలో మనకంటే ఎవరికి ఎరుక? కానీ తెలుగులో పుట్టిన మాటను తెలుగు పిల్లలకు అర్థం కాకుండా చెప్పించుడు ఏం చదువు? వారానికి ఒక్కరోజన్నా తెలుగులో చెప్పించి, ఒక్కో మాట విప్పి చెప్పమని సార్లను అడగాలె. ఫీజు కట్టేది మనం, అడిగే హక్కు మనకు ఉంది.

ఇంకొకటి. జెండా పండుగ నాడు లీడర్లు మాట్లాడతరు, బిస్కెట్లు పంచుతరు. గల్ఫ్ నుంచి వాపస్ వచ్చినోళ్ళకు కూడా ఐదు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తే బాగుంటది. నేపాలీ, బంగ్లాదేశీ, ఫిలిప్పీనోళ్ళతో కలిసి వండుకొని తిన్నోళ్ళు వాళ్ళే కదా.

జనవరి 26కు సెలవు మీద ఊర్లో ఉండేవాళ్ళు ఎవరన్నా ఉంటే, ఇప్పుడే మీ ఊరి హెడ్‌మాస్టరుకు ఫోన్ చేసి అడగండి. ఏమన్నరో మాకు కూడా చెప్పండి.