తాగుడు రోగికి ఫోన్‌లో వైద్యం ఇవ్వాలి

ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జులై ఆఖరున శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. కరోనా కట్టడి పేరుతో అక్కడ మద్యం షాపులు మూసేశారు. రాష్ట్రంలో మద్యం ధరలు మే నెలలోనే 75 శాతం పెరిగాయి. షాపు మూస్తే తాగుడు పోతుందనుకున్నవాళ్లు శానిటైజర్ సీసాను లెక్కలోకి తీసుకోలేదు.

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగితే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకల్లా లేనివి కనబడి మాట తడబడితే ప్రాణం మీదికి వచ్చినట్టే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్లు వరస కట్టారు. బస్సుల్లేని ఊళ్లవాళ్లు అక్కడిదాకా రాలేకపోయారు.

ఈ జబ్బుకు మందుంది. డయజెపాం, లొరజెపాం వంటి మాత్రలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ, థయమిన్‌తో కలిపి ఇస్తే చాలామంది ఇంట్లోనే తేరుకుంటారు. మార్చి 25న కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది, ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 14410 టెలీమెడిసిన్ నంబరు మొదలైంది. కానీ మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కిందికొచ్చే మందులేవీ ఫోన్‌లో, వీడియోలో రాయరాదని ఆ మార్గదర్శకాలే కట్టడి చేశాయి. ఈ రెండు మాత్రలూ ఆ కోవలోవే. అప్పటి నియమం ప్రకారం డాక్టరు వణికే చేతుల్ని తెరమీద చూడొచ్చు, జబ్బు పేరు చెప్పొచ్చు, వణుకు ఆపే మాత్ర రాయకూడదు! ఇల్లు కదలొద్దని లాఠీ చూపించిన ప్రభుత్వమే మాత్ర కావాలంటే పట్నం రమ్మంది. షుగరు, బీపీ రోగులకు ఫోన్‌లో పాత చీటీ కొనసాగుతుంది. తాగుడు రోగిని మాత్రం నేరస్థుడిలాగే చూస్తున్నారు.

కేరళ ప్రభుత్వం డాక్టరు చీటీ మీద మద్యమే ఇవ్వబోయింది, 2020 ఏప్రిల్ 2న హైకోర్టు ఆపింది. అమెరికాలో మార్చి ఆఖరుకే నల్లమందు జాతి వ్యసనాలకు వాడే బుప్రెనార్ఫిన్‌ను ఫోన్‌లో మొదలుపెట్టనిచ్చారు. ఇక్కడ 1992 దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం నుంచి, 1995 మద్యనిషేధం, 1997 సడలింపు దాకా వాదనంతా షాపు తలుపు చుట్టూనే తిరిగింది.

మాత్రలు పక్కదారి పడతాయన్నది పెద్ద అడ్డంకేమీ కాదు. రెండు మూడు రోజులకు సరిపడా రాసి, ఏఎన్‌ఎం చేతుల మీదుగా అందిస్తే సరిపోతుంది. ఫిట్స్, కలవరింత ఉన్నవాళ్లకు 108 ఉండనే ఉంది.

ఫోన్‌లో రాయరాని మందుల జాబితాను కేంద్రం వెంటనే సవరించాలి. ప్రతి పీహెచ్‌సీని సైకియాట్రిస్టుతో ఫోన్‌లో కలపాలి. ఇది చదివినవారు ఈ రెండు డిమాండ్లు రాసి ఎమ్మెల్యేకు, ఎంపీకి, జిల్లా వైద్యాధికారికి పంపాలి.