మందు ఏది మంచిది అని అడిగే ముందు

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాము. ఓపిగ్గా చదవండి.

పోయిన నెల కూటంలో అందరూ కాఫీ తాగుతుండగా మన పిల్లవాడొకడు సెల్‌ఫోన్ తెచ్చి మాకు ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఉండే వాళ్ళ బావ పంపినది. ఆ బావ కారు షెడ్డులో బల్ల ముందర కూర్చుని, కాల్చేసిన ఖాళీ తూటాల్లో మళ్ళీ మందు నింపుకుంటున్నాడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో అది మామూలు సంగతే. పిల్లవాడు అడిగాడు: "పెద్దనాయనా, దీనికి ఏ మందు మంచిది? మనూరి తుపాకులకీ ఇదే వేస్తే బాగా కొడుతుందా?"

పక్కన ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నలో రెండో సగానికి మన ఏరియూరు పక్క మనుషులు వేళ్ళు, కళ్ళు పోగొట్టుకున్నారు. అందుకే ఇంత రాస్తున్నాము.

ముందు బావ సంగతి. ఆయన దగ్గర ఉన్నది పిస్టలు తూటా పేలే కార్బైన్. 9 ఎం.ఎం. కార్బైన్ మాకు కొత్త కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రైల్వే పోలీసుల భుజాన చూశాము, కాన్పూర్ కర్మాగారంలో చేసినది. పిస్టలు గొట్టం జానెడు కూడా ఉండదు. గుండు ఆ కొంచెం దూరం దాటేలోపల మందు కాలిపోవాలి కాబట్టి చురుగ్గా కాలే మందు వేస్తారు. అదే తూటా మూరెడు గొట్టంలో వేస్తే మందు మొదట్లోనే అయిపోతుంది, తర్వాత గుండును నెట్టే బలం తగ్గుతూ పోతుంది. కొంచెం నిదానంగా కాలే మందు అయితే పొడుగు గొట్టం వల్ల లాభం ఎక్కువ. మరీ నిదానమైతే కాలని పలుకులు, మసి మిగిలి తుపాకి ఇరుక్కుంటుంది. చురుకు మందుకి ఇంకో గండం ఉంది. కొంచెమే వేస్తారు కాబట్టి పొరపాటున రెండుసార్లు పోసినా తూటాలో పట్టేస్తుంది, కంటికి తెలియదు. గొట్టం పగిలినప్పుడే తెలుస్తుంది.

అందుకే అక్కడ మందు చేసే కంపెనీ ఏ గుండు బరువుకి ఎంత వెయ్యాలో పుస్తకం అచ్చువేస్తుంది. కొలత గ్రెయిన్లలో. ఒక గ్రాముకి 15 గ్రెయిన్ల పైచిలుకు వస్తాయి. అంత సన్నని కొలత తప్పకూడదు. ఒక డబ్బాలో మందు ఇంకో డబ్బాలో పోయకూడదు, పేరు తెలియని మందు వాడకూడదు. బావ చేసే పనిలో అసలు తెలివి ఇదే, మందు నింపడం కాదు.

ఇప్పుడు మనూరి సంగతి. మన తాతలనాటి తుపాకి నోటి నుంచి మందు పోసి, కమ్మితో దట్టించి, రవ్వలు వేసి కాల్చేది. దానికి కావలసింది సూరేకారం, బొగ్గు, గంధకంతో చేసిన పాతకాలపు మందు. తమిళంలో 'కరుమరుందు' అంటారు. మేము తమిళ బళ్ళో చదివినవాళ్ళం కదా, ఒకసారి దాన్ని అట్లాగే తెలుగు చేసి 'నల్లమందు' అంటే నెల్లూరు సంబంధీకులు ఉలిక్కిపడ్డారు. తెలుగులో నల్లమందు అంటే అభిని! కాబట్టి పాత తుపాకి మందు అని రాస్తాము.

బావ డబ్బాలో ఉన్నది పొగరాని మందు. 1884లో ఫ్రాన్సులో పుట్టింది. మన నీలగిరి అరువంకాడులో ఇంగ్లీషువాళ్ళ కాలం నుంచి ఉన్న కార్డైట్ ఫ్యాక్టరీ ఈ జాతి మందుదే. చూడడానికి రెండూ పలుకులే. పాత మందును గిన్నెతో కొలిచినట్టు కొలుస్తారు, కొత్తది బరువు తూచి వేస్తారు. పాత గిన్నె నిండా కొత్త మందు పోస్తే పుట్టే ఒత్తిడిని నాటు గొట్టం తట్టుకోలేదు. పగిలేది కాల్చేవాడి చెంప దగ్గరే.

దీపావళి టపాసుల్లోంచి గీకిన మందు ఇంకా ఘోరం. అది నెట్టడానికి చేసిన మందు కాదు, పేలడానికి చేసినది. మా చిన్నప్పుడు మా వీధిలో ఒక చిన్నాయన అదే పని చేశాడు. చెనక్కాయ చేనుకి పందులు వస్తున్నాయని తుపాకి తీశాడు, మందు లేదని టపాసులు విప్పాడు. కుడిచేతి రెండు వేళ్ళు, ఒక కన్ను పోయాయి. ఆ తర్వాత ఆయన కట్టిన పంచె ముడి కూడా మా చిన్నమ్మే వేసేది. పందులు మాత్రం మరుసటి రాత్రి మళ్ళీ వచ్చాయి.

మేము పార్సెల్ ఆఫీసులో కూర్చున్నవాళ్ళం. అక్కడ రెడ్ టారిఫ్ అని ఒక పుస్తకం ఉంటుంది. ప్రమాదం తెచ్చే సరుకు ఎట్లా కట్టాలి, దేని పక్కన దేన్ని పెట్టకూడదు అన్నీ అందులో ఉంటాయి. చెప్పకుండా బండిలో పెడితే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు. లోపల ఏముందో తెలియని పొట్లం మేము ఏనాడూ బుక్ చెయ్యలేదు. రైలు పెట్టెకి ఉన్న ఆ నియమం మన చేతికీ, మన కంటికీ వద్దా?

చట్టం కూడా చూడండి. 9 ఎం.ఎం. మన దేశంలో మామూలు జనానికి నిషిద్ధ బోరు. లైసెన్సు లేకుండా తుపాకి గానీ తూటా గానీ తయారు చేస్తే, 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్ళకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. అమెరికా వీడియో చూసి ఇక్కడ చేసేవాడికి అమెరికా బావ జామీను ఇవ్వడు.

"అయితే పందులు చేను తింటుంటే చూస్తూ కూర్చోమంటారా?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రాత్రంతా మంచె మీద కూర్చుని, తెల్లారేసరికి మరవల్లి గడ్డలన్నీ పెళ్ళగించి ఉంటే ఆ కడుపుమంట మాకు తెలుసు. 1959 ఆయుధ చట్టంలోనే పంట కాపలాకి నోటి తుపాకి మాట ఉంది. లైసెన్సు ఉన్నవాళ్ళని మేము తప్పుపట్టడం లేదు. కానీ కాపలాకి లైసెన్సు ఉంటే పందిని చంపడానికి అనుమతి ఉన్నట్టు కాదు. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం చెప్పినది ఇది: కాపు అడవి నుంచి 1 కిలోమీటరు లోపల పందిని ముట్టకూడదు, 1 నుంచి 3 కిలోమీటర్లలో బోను పెట్టి పట్టవచ్చు, 3 దాటితే అటవీ శాఖవాళ్ళే కాల్చాలి. అడవి అంచునే చేలున్న మన జనంలో చాలామందికి తుపాకి దారే కాదు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. లైసెన్సు తుపాకి ఉన్నవాళ్ళు లైసెన్సు ఉన్న అంగడిలో, ఆ తుపాకికి తగిన మందే కొనండి, బిల్లు దాచుకోండి. లైసెన్సు లేని పాత తుపాకి అటక మీద ఉంటే, కేసు రాకముందే పెద్దమనుషులను వెంటబెట్టుకుని పోయి అప్పగించండి. అటవీ శాఖవాళ్ళు పల్లెల్లో అడుగుతున్నదీ అదే. తాత జ్ఞాపకం అంటారా, తాత ఫోటో పెట్టుకోండి. సంఘం చేయవలసిన పని ఒకటుంది. పంట పోయినవాళ్ళకి నష్టపరిహారం అర్జీలు రాసిపెట్టడం, ఫోటోలు తీసిపెట్టడం, బోను కోసం రేంజర్ ఆఫీసు చుట్టూ తిరగడం. జీవితమంతా ఫారాలు నింపినవాళ్ళం, ఆ పని మేము చేస్తాము. ఆదివారం పొద్దున పది గంటలకు పట్టా నకలు తీసుకుని రండి.

ఆ పిల్లవాడికి మా జవాబు: నాయనా, మంచి మందు అంటే ఏ తుపాకికి చేసినదో తెలిసిన మందు. అది తెలియకపోతే, మంచి మందు లేదు.

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, కోపం లేకుండా మాట్లాడుకుందాం.