అమర్చుకున్న పన్నూ అమానతే

వనస్థలిపురం నుంచి ఎల్బీనగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు వెంట వెళ్తూ తలెత్తి చూస్తే కోచింగు సెంటర్ల బోర్డులతో పోటీపడుతూ పంటి ఆస్పత్రుల బోర్డులు కనిపిస్తాయి. వాటిలో చాలావాటి మీద ఇప్పుడు 'ఇంప్లాంటు' అన్న మాట ఉంటోంది. ఊడిన పన్ను స్థానంలో దవడ ఎముకలోకి టైటానియం మరను దించి, దాని మీద కొత్త పన్నును బిగించే చికిత్స ఇది. ఒకప్పుడు ధనికులకే పరిమితమైన ఈ వైద్యం మధ్యతరగతి ఇళ్లకూ వచ్చింది. దాంతోపాటే మన సోదరుల్లో ఒక సందేహమూ వచ్చింది. ఇది ధర్మసమ్మతమేనా? అల్లాహ్ సృష్టిని మార్చినట్లు కాదా?

ఈ సందేహం తీరడానికి కొత్త ఫత్వా ఏదీ అవసరం లేదు. అజ్ఞాన కాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ముక్కు తెగిపోయింది. ఆయన వెండి ముక్కు పెట్టించుకున్నారు. అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమని ఆయనకు సెలవిచ్చారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ ఉదంతం ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా అవసరాన్ని బట్టి ఇచ్చిన అనుమతి ఇది. దంతాలకు బంగారు తీగ కట్టవచ్చా అన్న చర్చకు ఇదే ఆధారమయింది. ఇమామ్ అబూహనీఫా (రహ్మలై) వెండి చాలునన్నారు. ఆయన శిష్యులు ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) బంగారాన్నీ అనుమతించారు. టైటానియం బంగారమూ కాదు, వెండీ కాదు కనుక మనకు ఆ చర్చతో కూడా పని లేదు.

అందం కోసం పళ్ల మధ్య సందులు చేయించుకునే వారిని శపించిన హదీసును కొందరు గుర్తు చేస్తారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌వూద్ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసులోని నిషేధం బాగున్నదాన్ని అలంకారం కోసం మార్చుకోవడానికి సంబంధించినది. పోయినదాన్ని తిరిగి పొందడానికి అది వర్తించదు. (పెళ్లికి ముందు నిక్షేపమైన పళ్లను అరగదీయించి తొడుగులు వేయించుకునే ధోరణి మాత్రం ఈ హదీసు ముందు నిలబడి ఆలోచించుకోవలసిందే. దాని గురించి మరోసారి.)

నిజానికి ఈ విద్యకు మన చరిత్రతో బంధుత్వం ఉంది. సుమారు వెయ్యేళ్ల క్రితం అందలూసియాలోని కార్డోబా ప్రాంతంలో జీవించిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో కదిలే పళ్లను బంగారు తీగతో కట్టే పద్ధతిని వివరించారు. ఊడిన పన్ను స్థానంలో ఎద్దు ఎముకతో చెక్కిన పన్ను అమర్చవచ్చునని కూడా రాశారు. అంతకన్నా గమనించదగ్గది, పళ్ల మీది గారను గీకే పనిముట్లను బొమ్మలు వేసి మరీ చూపడం. పన్ను పెట్టే విద్య, పన్ను కడిగే విద్య ఆయనకు వేరు కావు. ఇక టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని 1950లలో గుర్తించినవారు స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్. 1965లో ఆయన మొదటిసారి చికిత్స చేసిన రోగి 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లకు పైగా, ఆ పళ్లతోనే తిన్నాడు.

మరి మన దగ్గర కొందరికి నాలుగైదేళ్లకే ఎందుకు వదులవుతున్నాయి? ఆలింలను అడగవలసింది అడుగుతున్నాం గాని డాక్టరును అడగవలసింది అడగడం లేదు.

ఇంప్లాంటు పన్ను పుచ్చదు. చాలామంది వినేది ఈ ఒక్క మాటే. పుచ్చని మాట నిజం, కానీ దాని చుట్టూ ఉన్న ఎముక కరిగిపోగలదు. సహజమైన పంటికీ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. పంటి మీద ఒత్తిడి పడితే మనకు తెలిపేది ఆ పొరే. ఇంప్లాంటుకు అది లేదు. మర నేరుగా ఎముకను పట్టుకుని ఉంటుంది. చిగురు కింద గార చేరి, చిగురు ఉబ్బి, ఎముక కొద్దికొద్దిగా తరుగుతున్నా తరచుగా నొప్పి ఉండదు. తోముకునేటప్పుడు కాస్త రక్తం కనబడుతుంది. అప్పుడే వెళ్తే శుభ్రం చేయించుకుని బయటపడవచ్చు. మర కదిలేదాకా ఊరుకుంటే తీసేయడం తప్ప దారి ఉండకపోవచ్చు. సొంత పన్ను కన్నా పెట్టించుకున్న పంటికి ఎక్కువ కాపలా కావాలన్నమాట.

రోజుకు ఐదుసార్లు వుజూలో నోరు పుక్కిలించే సముదాయానికి ఇది బరువు కాకూడదు. తన సముదాయానికి కష్టమవుతుందన్న ఆలోచన లేకుంటే ప్రతి నమాజుకూ మిస్వాక్ తప్పనిసరి చేసి ఉండేవాణ్ణని దైవప్రవక్త (స) చెప్పిన విషయం మనందరికీ తెలుసు. అయితే జుమా రోజు మసీదు బయట కొన్న పుల్లను జేబులో ఉంచుకుని, వుజూ ముందు రెండుసార్లు ముందుపళ్ల మీద ఆడించి, నమాజు తర్వాత జర్దా పాన్ వేసుకునేవారు మనలో తక్కువ మంది కాదు. గుట్కా సంగతి చెప్పనే అక్కర్లేదు. పొగాకు, అదుపులో లేని షుగరు - ఇంప్లాంటుకు ఈ రెండూ బద్ధశత్రువులు. షుగరున్నవారు మూడు నెలల సగటు పరీక్ష చేయించుకుని, అది అదుపులోకి వచ్చాకే దవడ అప్పగించాలి. ఎముకల బలానికో, రక్తం పలుచబడటానికో మందులు వాడేవారు ఆ సంగతి దాచకూడదు.

మిస్వాక్‌ను ఎలా వాడాలో కూడా తెలిసి ఉండాలి. దైవప్రవక్త (స) అంతిమ ఘడియల్లో మిస్వాక్ వైపు చూస్తే హజ్రత్ ఆయిషా (రజి) దాన్ని నమిలి మెత్తబరచి అందించారు. ఎండిపోయిన గట్టి పుల్ల చిగురును గీరుతుంది. నీటిలో నానబెట్టి, పాతబడిన కొసను కోసేసి వాడాలి. ఎంత మెత్తని కుంచె అయినా రెండు పళ్ల సందులోకి, వంతెనలా కట్టిన పళ్ల కిందికి వెళ్లదు. అక్కడికి సన్నటి సందుల బ్రష్షు, దారం కావాలి. వాటిని వాడితే సున్నతుకు లోటేమీ రాదు. ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించుకోవడమూ అందులో భాగమే.

మన పాఠకులు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇంకొకటుంది. దవడ ఎముక పలుచగా ఉన్నవారికి మర దించే ముందు ఎముక పొడి వేసి, పైన సన్నని పొర కప్పుతారు. ఈ పొడి కొన్ని కంపెనీలవి పశువుల ఎముకతో, కొన్ని పంది ఎముకతో తయారవుతాయి. పై పొరల్లో కొన్ని పంది చర్మం నుంచి వచ్చినవే. రోగి సొంత ఎముక వాడవచ్చు, కృత్రిమంగా తయారైన పొడీ దొరుకుతుంది. ప్రత్యామ్నాయం ఉన్నప్పుడు ముందే అడగడం మన బాధ్యత. అడిగితే డాక్టర్లు తప్పుపట్టరు. చికిత్స అయిపోయాక అడిగితే చేయగలిగింది ఏమీ ఉండదు.

గల్ఫ్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చేవారి తొందర వేరు. మర ఎముకతో అతుక్కోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. వెంటనే పళ్లు బిగించే పద్ధతులు ఉన్నాయి గాని అవి అందరి ఎముకకూ సరిపడవు. ఈ సెలవులో మర, వచ్చే సెలవులో పన్ను అన్నా నష్టం లేదు. ఏ కంపెనీ మర, ఏ సైజు, ఏ బ్యాచి అన్న వివరాలున్న కార్డును తప్పనిసరిగా అడిగి తీసుకోవాలి. రియాద్‌లోనో దోహాలోనో మర వదులైతే అక్కడి డాక్టరుకు ఆ కార్డే ఆధారం.

డబ్బు మాట. ఒక్కో పంటికి వేలల్లో ఖర్చవుతుంది గనుక కొన్నిచోట్ల వాయిదాలు చూపిస్తారు. వాయిదా అన్నాక వడ్డీ ఉందా లేదా అని కాగితం చదివి తెలుసుకోవాలి. పన్ను కోసం వడ్డీలో దిగవలసినంత అగత్యం ఎవరికీ లేదు. కట్టుడు పళ్లతోనూ తినవచ్చు, ఖుర్ఆన్ పారాయణం చేయవచ్చు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల దగ్గరే. పళ్లు శుభ్రం చేయించుకోవడానికైనా, ప్రైవేటులో చెప్పిన చికిత్స నిజంగా అవసరమా అని మరో అభిప్రాయం తీసుకోవడానికైనా అక్కడికి వెళ్లడానికి మొహమాటం దేనికి?

ఇక తరచూ వచ్చే రెండు ప్రశ్నలు. హనఫీ మజ్‌హబులో గుసుల్‌లో నోరు పుక్కిలించడం ఫర్జ్. ఎముకలో స్థిరపడిన పన్ను శరీరంలో భాగం వంటిదే కనుక దాని మీదుగా నీరు పారితే చాలు. తీసి పెట్టుకునే పళ్లయితే తీసి పుక్కిలించాలని ఉలమాలు చెబుతారు. ఉపవాసం విషయానికొస్తే, పన్ను తీయించుకోవడం, తొలిపించడం, శుభ్రం చేయించుకోవడం వల్ల ఏదీ గొంతులోకి దిగనంతవరకు ఉపవాసం భంగం కాదని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ తీర్మానించింది. అయితే మర దించిన రోజు రక్తం ఊరుతుంది, ఆ తర్వాత కొన్ని రోజులు పూటపూటకూ మందులు వేసుకోవాలి. రమజాను దగ్గరపడి ఉంటే పండుగ తర్వాతి తేదీ అడిగి తీసుకోవడం మంచిది.